హైవే మీద స్టీరింగ్ వణుకుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఊళ్లో తిరిగినన్నాళ్లూ కారు బుద్ధిగానే ఉంటుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గంటకు 90 కిలోమీటర్లు దాటగానే స్టీరింగ్ చేతుల్లో సన్నగా కొట్టుకోవడం మొదలవుతుంది. టైర్ల షాపుకు వెళితే అలైన్‌మెంట్ అంటారు, మెకానిక్ దగ్గరికి వెళితే చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌లు అంటారు, షోరూమ్‌కు వెళితే నాలుగు టైర్లూ మార్చమంటారు. అసలు తప్పు ఎక్కడుందో డబ్బు పెట్టకముందే చాలావరకు తెలుసుకోవచ్చు. ఎప్పుడు వణుకుతోంది, ఎక్కడ వణుకుతోంది అన్నది గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

80 నుంచి 110 మధ్యలోనే ఎందుకు వణుకుతుంది? 120 దాటితే తగ్గుతోంది కదా, అంటే తప్పు పోయినట్టేనా?

పోలేదు. చక్రం బరువు చుట్టూ సమానంగా లేకపోతే తిరిగిన ప్రతిసారీ ఒక తోపు వస్తుంది. సస్పెన్షన్‌కూ స్టీరింగ్ భాగాలకూ తమ సొంత ఊపు ఒకటి ఉంటుంది. ఉయ్యాలను సరిగ్గా దాని లయలో తోస్తే చిన్న తోపుకే పెద్దగా ఊగుతుంది, లయ తప్పించి తోస్తే గట్టిగా తోసినా ఊగదు. చాలా కార్లలో చక్రం తోపూ ముందు భాగం ఊపూ కలిసే స్పీడు 80కీ 110కీ మధ్యన పడుతుంది. అది దాటాక లయ తప్పుతుంది, అందుకే చేతికి తెలియడం తగ్గుతుంది. లోపల తోపు మాత్రం స్పీడుతోపాటు పెరుగుతూనే ఉంటుంది. బేరింగులూ, కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌లూ ఆ దెబ్బ తింటూనే ఉంటాయి. "120లో వెళితే బాగానే ఉంది" అని అలాగే నడిపేవాళ్లు చాలామంది ఉన్నారు. అది పరిష్కారం కాదు.

చక్రం బరువు సరిచేయడానికి రిమ్‌కు అంటించే 20 గ్రాముల సీసం ముక్క ఊడిపోతే ఇంత కారు వణుకుతుందా?

వణుకుతుంది. 185/65 ఆర్15 టైరు తీసుకోండి, మన రోడ్ల మీద మామూలుగా కనిపించే సైజే. దాని చుట్టుకొలత సుమారు 1.95 మీటర్లు. 100 కిలోమీటర్ల స్పీడులో సెకనుకు 14 సార్లు తిరుగుతుంది. రిమ్ అంచున 20 గ్రాముల తేడా ఉంటే ఆ స్పీడులో అది సుమారు 3 కిలోల బలంతో చక్రాన్ని బయటికి లాగుతుంది. అంటే సెకనుకు 14 సార్లు 3 కిలోల గుద్దు, ఒకసారి పైకి, ఒకసారి కిందికి, ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. స్పీడు రెట్టింపైతే ఈ బలం నాలుగు రెట్లవుతుంది. 50లో వెళ్తున్నప్పుడు తెలియనిది 100లో తెలియడానికి కారణం ఇదే.

మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు నేను ఏం చూసుకోవాలి?

ముందు నాలుగు టైర్లలో గాలి చూసుకోండి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద రాసిన లెక్క ప్రకారం, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. తర్వాత ఖాళీ రోడ్డు మీద, పక్క సీట్లో ఒకరిని కూర్చోబెట్టుకుని నడపండి. మీరు రోడ్డు చూడండి, ఏ స్పీడులో ఏమైందో వాళ్లు ఫోన్లో రాస్తారు. ఏ స్పీడులో మొదలైంది, ఏ స్పీడులో ఆగింది? వణుకు చేతుల్లోనా, సీట్లోనా? యాక్సిలరేటర్ మీద కాలు ఉన్నప్పుడా, తీసేసినా ఉందా? బ్రేక్ వేస్తేనే వస్తోందా? మలుపులో తగ్గుతోందా, పెరుగుతోందా? అదే స్పీడులో న్యూట్రల్ చేసి చూడమని కొందరు చెబుతారు. అవసరం లేదు, యాక్సిలరేటర్ వదిలేస్తే చాలు.

ఈ నాలుగైదు జవాబులు తీసుకుని వెళ్లండి. "బండి వణుకుతోంది, చూడండన్నా" అంటే వాళ్లకు తోచింది మార్చేస్తారు. "90లో మొదలై 110లో ఆగుతోంది, చేతుల్లోనే, బ్రేక్‌తో సంబంధం లేదు" అంటే సరైన చోట చెయ్యి పెడతారు.

అలైన్‌మెంట్ చేయించాను. ఏమీ తగ్గలేదు. మళ్లీ చేయించాలా?

వద్దు. అలైన్‌మెంట్ వేరు, బ్యాలెన్సింగ్ వేరు. చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా సీసం ముక్కలతో సరిచేయడం బ్యాలెన్సింగ్. చక్రాలు ఒకదానికొకటి ఏ కోణంలో నిలబడాలన్నది అలైన్‌మెంట్. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, నేరుగా వెళ్తున్నా స్టీరింగ్ వంకరగా ఉంటుంది, టైరు ఒక అంచున త్వరగా అరిగిపోతుంది. వణుకుడు దాని పని కాదు. ఒక్కటి మాత్రం నిజం, చాలాకాలం అలైన్‌మెంట్ తప్పి నడిస్తే టైరు మెట్లుమెట్లుగా అరుగుతుంది, ఆ అరుగుడు వల్ల హోరూ వణుకూ రావచ్చు. అప్పుడు కోణాలు సరిచేసినా అరిగిన టైరు అరిగినట్టే ఉంటుంది.

బ్యాలెన్సింగ్ కూడా చేయించాను. అయినా 90లో వణుకుతూనే ఉంది. ఇంకేం చేయాలి?

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. బ్యాలెన్సింగ్ చేయించడం, బ్యాలెన్సింగ్ సరిగ్గా జరగడం రెండూ ఒకటి కావు. అందుకే అక్కడే నిలబడి చూడమంటాను.

చక్రాన్ని మెషీన్‌కు ఎక్కించే ముందు పాత సీసం ముక్కలన్నీ తీసేయాలి, రిమ్ లోపలి మట్టి గీకేయాలి, టైరు గాడుల్లో ఇరుక్కున్న కంకర రాళ్లు పీకేయాలి. తర్వాత చక్రాన్ని మధ్య రంధ్రంలో కోన్ పెట్టి బిగిస్తారు. ఆ కోన్ కాస్త వంకరగా కూర్చున్నా, రంధ్రం అంచున తుప్పు ఉన్నా లెక్కంతా తప్పే. రిమ్ వెడల్పు, వ్యాసం, మెషీన్ నుంచి దూరం, ఈ మూడు అంకెలూ మెషీన్‌కు ఇవ్వాలి. రద్దీగా ఉన్న షాపులో ముందు వచ్చిన బండి అంకెలే అలా వదిలేసి మీ చక్రం తిప్పేయడం జరుగుతుంది. తెర మీద రెండు వైపులా సున్నాలు వస్తాయి, ఆ సున్నాలు మీ చక్రానివి కావు.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. రెండు సున్నాలు వచ్చాక, చక్రాన్ని మెషీన్ మీదే వదులు చేసి, సగం తిప్పి, మళ్లీ బిగించి ఇంకోసారి తిప్పమనండి. అప్పుడూ సున్నాలో, 5 గ్రాముల తేడానో వస్తే పని సరైనదే. 15, 20 చూపిస్తే చక్రం మెషీన్ మీద సరిగ్గా కూర్చోలేదని అర్థం. కుర్రవాళ్లు కాస్త విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి, మీరు డబ్బులిచ్చేది దానికే.

ఇంకో మాట. ఒక చక్రానికి 80, 100 గ్రాముల సీసం పెట్టాల్సి వస్తోందంటే ఆ టైరు గానీ రిమ్ గానీ అనుమానమే. టైరును రిమ్ మీద సగం చుట్టు తిప్పి మళ్లీ ఎక్కిస్తే ఒక్కోసారి చాలా తగ్గుతుంది. తగ్గకపోతే బరువుతో పని లేదు, గుండ్రమే తప్పి ఉండొచ్చు. మెషీన్ మీద చక్రం తిరుగుతున్నప్పుడు టైరు అంచు దగ్గర ఒక స్క్రూడ్రైవర్‌ను కదలకుండా పట్టుకుని చూస్తే, టైరుకూ దానికీ మధ్య సందు ఒకేలా ఉందా, పెరుగుతూ తరుగుతూ ఉందా కంటికే తెలుస్తుంది. అదే పని రిమ్ అంచు దగ్గర కూడా చేయించండి. గుండ్రంగా లేని చక్రానికి ఎన్ని ముక్కలు అంటించినా బరువు సమానమవుతుంది గానీ చక్రం గుండ్రమవదు.

ఏ చక్రంలో తప్పుందో ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకు మార్చి నడిపి చూడండి. వణుకు స్టీరింగ్ నుంచి సీట్లోకి జారితే తప్పు చక్రంలోనే ఉంది, అదీ ఇప్పుడు వెనక ఉన్న రెండింటిలో ఒకటి. ఏమీ మారకపోతే హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం), బేరింగ్, బ్రేక్ డిస్క్, యాక్సిల్ (చక్రానికి పవర్ తెచ్చే కడ్డీ), స్టీరింగ్ భాగాల వైపు చూడాలి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే అదే వైపు ముందువి వెనక్కి మార్చాలి, కుడి ఎడమలు మార్చకూడదు. స్టెప్నీ కూడా మిగతా వాటి సైజే అయితే, ఒక్కో చక్రం స్థానంలో దాన్ని పెట్టి చూడొచ్చు. సన్న స్టెప్నీతో మాత్రం ఈ పరీక్ష చేయకండి, వాటికి 80 స్పీడే పరిమితి.

వానాకాలంలో ఊరికి వెళ్లొచ్చాక ఉన్నట్టుండి మొదలైంది. ఏమైనా పాడైందా?

బహుశా ఏమీ పాడవలేదు. రిమ్ లోపలి వైపు వేలు పెట్టి చూడండి. నల్లరేగడి మట్టి ఒక పక్క పట్టుకుని ఎండిపోతే గచ్చులా అంటుకుపోతుంది, పైన ఎంత కడిగినా కనబడదు. ఒక అరచేతి మందం మట్టి వందల గ్రాములు ఉంటుంది. 20 గ్రాములకే 3 కిలోల గుద్దు అని పైన చూశాం కదా. జాకీ పెట్టి చక్రం విప్పి లోపలంతా గీకి కడిగితే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది. కడిగేటప్పుడు అంటించిన బరువు ముక్కలు ఊడకుండా చూసుకోండి. ముక్క ఊడిన చోట జిగురు ముద్ర శుభ్రంగా, చదరంగా మిగిలి ఉంటుంది.

గుంతలో గట్టిగా పడ్డాక వణుకు మొదలైంది. డ్రైవింగ్ ఆపాలా?

ముందు టైరు పక్క గోడలు చూడండి, లోపలి వైపు కూడా. చాలామంది బయటి వైపే చూసి వదిలేస్తారు. ఎక్కడైనా గుడ్డులా ఉబ్బి ఉంటే లోపలి దారాలు తెగాయని అర్థం. దాన్ని ఎవరూ బాగుచేయలేరు, ఆ టైరుతో హైవే ఎక్కకూడదు. స్టెప్నీ వేసుకుని నెమ్మదిగా షాపుకు వెళ్లండి.

టైరు బాగుంటే రిమ్ చూడాలి. ఇనుప రిమ్ వంగుతుంది, మంచి పనివాడు కొట్టి సరిచేస్తాడు. అల్లాయ్ రిమ్ వంగొచ్చు, పగలొచ్చు కూడా. వెల్డింగ్ చేసి ఇస్తామనే వాళ్లు ఊరూరా ఉన్నారు. పగులు ఉన్న అల్లాయ్‌ని వెల్డింగ్ చేయించి 100 స్పీడులో నమ్మడం నా సలహా కాదు. వంగినదైతే సరిచేయించి, బ్యాలెన్స్ చేసి, గాలి దిగుతోందేమో రెండు మూడు రోజులు చూడండి.

ఇంకోటి, 40, 50లోనే వణుకు మొదలై స్పీడుతోపాటు గబగబా పెరుగుతూ ఉంటే బ్యాలెన్సింగ్ కన్నా ముందు ఇవే అనుమానించాలి. వంగిన రిమ్, ఉబ్బిన టైరు, ట్రెడ్ (నేలకు ఆనే భాగం) కింద పొర విడిపోయిన టైరు. పొర విడిపోయిన టైరును ఎత్తి మెల్లగా తిప్పుతూ అరచేత్తో తడిమితే ఒకచోట చిన్న గుట్టలా తగులుతుంది. అది పేలే ముందు ఇచ్చే సూచన.

బ్రేక్ వేసినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటోంది.

అయితే టైర్లను వదిలేయండి, మొదట బ్రేక్ డిస్కులు (ప్యాడ్లు పట్టి ఆపే ఇనుప పళ్లేలు) చూపించండి. డిస్క్ మందం చుట్టూ ఒకేలా లేకపోయినా, వంకరగా తిరుగుతున్నా ప్యాడ్ పట్టు బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. ఆ కొట్టుడు పెడల్ కింద పాదానికీ తెలుస్తుంది, స్టీరింగ్‌కూ వస్తుంది. మిల్లీమీటరులో పదోవంతు లోపు తేడా చాలు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు గేర్ వాడకుండా బ్రేక్ మీదే కాలు ఉంచి దిగి, కింద ఆగాక కూడా పెడల్ అలాగే నొక్కి పట్టుకుంటే, కాలిన ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట ముద్రలా అంటుకుంటుంది. అలా వేడిగా ఉన్న డిస్కుల మీద నీళ్లు కొట్టడం కూడా మంచిది కాదు.

డిస్కును లేత్ మీద సన్నగా చెక్కించొచ్చు, అయితే కనీసం ఎంత మందం మిగలాలో డిస్కు మీదే ముద్రించి ఉంటుంది. అంతకన్నా తగ్గేలా ఉంటే కొత్తవి వేయాలి, రెండు వైపులా కలిపి. కొత్తవి వేసేటప్పుడు హబ్ మీద తుప్పు గీకారా లేదా చూడండి. తుప్పు పొర మీద కొత్త డిస్కు బిగిస్తే అదీ వంకరగానే తిరుగుతుంది, కొన్ని వేల కిలోమీటర్లకు పాత కథే మళ్లీ మొదలవుతుంది.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వణుకుతోంది, వదిలేస్తే ఆగిపోతోంది.

యాక్సిల్ లోపలి జాయింట్. ముందు చక్రాలకు పవర్ వెళ్లే కార్లలో గేర్‌బాక్స్ వైపు ఉండే జాయింట్ అరిగితే, లోడ్ పడినప్పుడు బండి ముందు భాగం పక్కలకు ఊగినట్టు వణుకుతుంది. రబ్బరు బూటు చిరిగి గ్రీజు బయటికి చిమ్మిందేమో చూడండి. బూటు చిరిగిన కొత్తల్లోనే పట్టుకుంటే గ్రీజూ బూటూ మారిస్తే సరిపోతుంది. మలుపు తిప్పేటప్పుడు టకటక శబ్దం వస్తే అది బయటి జాయింట్, వేరే సంగతి.

స్టీరింగ్ బాగానే ఉంది, సీటూ నేలా వణుకుతున్నాయి.

వెనక చక్రాలు. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి వెనక చక్రాలకు పవర్ వెళ్లే బళ్లలో గేర్‌బాక్స్ నుంచి వెనక్కి పవర్ తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని క్రాస్ జాయింట్ కూడా చూడాలి.

అమెరికా నుంచి ఏడాదికోసారి వస్తాం. ఇంటి దగ్గర పెట్టిన కారు తీస్తే స్టీరింగ్ వణుకుతోంది.

నెలల తరబడి ఒకేచోట నిలబడితే టైరు నేలకు ఆనిన చోట చదునవుతుంది. గాలి తక్కువగా ఉంటే ఇంకా ఎక్కువ. గాలి సరిగ్గా పట్టించి 20, 30 కిలోమీటర్లు నడపండి, టైరు వేడెక్కితే చాలావరకు సర్దుకుంటుంది. మొదటి రోజే ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా హైవే మీద పరీక్షించకండి. వెళ్లేటప్పుడు గాలి కాస్త ఎక్కువ పట్టించి, ఇంట్లో ఉన్నవాళ్లను వారానికోసారి నాలుగు వీధులు తిప్పమనండి. వట్టిగా స్టార్ట్ చేసి ఆపేస్తే టైర్లకు ఒరిగేదేమీ లేదు.

సర్దుకోకపోతే టైరు వయసు చూడండి. పక్కన కోడి గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. గాడులు కొత్తగా కనిపించినా రబ్బరు ముసలిదైపోతుంది. తక్కువ తిరిగే కార్లలో ఇదే పెద్ద మోసం.

కొత్త అల్లాయ్‌లు వేయించాను, అప్పటి నుంచే వణుకు.

అల్లాయ్ మధ్య రంధ్రం మీ కారు హబ్ కన్నా పెద్దదై ఉంటుంది. బయట దొరికే అల్లాయ్‌లు చాలా కార్లకు సరిపోవాలని రంధ్రం పెద్దగా చేస్తారు. అప్పుడు చక్రం నట్ల మీదే వేలాడుతుంది, మధ్యలో సరిగ్గా కూర్చోదు. మెషీన్ మీద సున్నాలే వస్తాయి, కారుకు ఎక్కించాక వణుకుతుంది. హబ్ రింగ్ అని ఆ సందు పూడ్చే రింగు దొరుకుతుంది, కొలత ప్రకారం వేయించండి. ఖర్చు తక్కువ. నట్లు కూడా ఆ అల్లాయ్‌కి తగినవేనా చూడండి, నట్టు కింద ఆనే చోటు కొన్నిటికి ఏటవాలుగా, కొన్నిటికి గుండ్రంగా ఉంటుంది.

నైట్రోజన్ పట్టిస్తే తగ్గుతుందా?

తగ్గదు.

పంక్చర్ రాకుండా టైర్లలో ద్రవం పోయించాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. బండి ఆగినప్పుడు ఆ ద్రవం అడుగుకు చేరుతుంది, సమానంగా పరుచుకోకపోయినా, గడ్డకట్టినా చక్రం ఒకవైపు బరువెక్కుతుంది. ద్రవం లోపల ఉండగా బ్యాలెన్సింగ్ చేస్తే తిప్పిన ప్రతిసారీ వేరే అంకె వస్తుంది. టైరు విప్పి తుడిచి అప్పుడు చేయించాలి.

లోయర్ ఆర్మ్‌లు, టై రాడ్ ఎండ్‌లు (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కీళ్లు) మార్చాలని మెకానిక్ అంటున్నాడు. నమ్మొచ్చా?

చూపించమనండి. చక్రాన్ని గాల్లోకి లేపి, కింద స్టాండ్ పెట్టి, గడియారంలో 3, 9 ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తే టక్కుమని ఆట తెలిస్తే టై రాడ్ ఎండ్ వదులైంది. 12, 6 దగ్గర పట్టుకుని ఆడిస్తే తెలిసేది లోయర్ ఆర్మ్ చివరి బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ. ఆట కళ్లకు కనబడుతుంది, చేతికి తెలుస్తుంది. కనబడకపోతే ఎందుకు మార్చాలో ఆయనే చెప్పాలి.

సాధారణంగా ఈ భాగాలు వణుకును పుట్టించవు, ఉన్న వణుకును పెంచుతాయి. బుష్‌లు గట్టిగా ఉన్న కారు 10 గ్రాముల తేడాను మింగేస్తుంది, అరిగిన కారు అదే తేడాను చేతికి తెచ్చి ఇస్తుంది. కాబట్టి ముందు చక్రాలు, తర్వాతే ఇవి. బ్యాలెన్సింగ్‌కు కొన్ని వందలు, ఆర్మ్‌లకు వేలు అవుతాయి, ఆ వరుసలోనే వెళ్లండి. బేరింగ్ అయితే స్పీడుతో పెరిగే ఒక హోరు ఉంటుంది, మలుపులో ఒకవైపు బరువు పడితే ఆ హోరు మారుతుంది.

ఈ వణుకుతో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి రావొచ్చా?

పాత వణుకే, కొద్దిగానే, బ్యాలెన్సింగ్ లక్షణాలే, టైర్లు నాలుగు వైపులా చూసుకున్నారు అంటే నెమ్మదిగా వెళ్లొచ్చు. నిన్నటిదాకా లేనిది ఈరోజు గట్టిగా వచ్చిందంటే వెళ్లకండి. దారిలో ఉన్నట్టుండి మొదలై నిమిషాల్లో పెరుగుతుంటే బ్రేక్ మీద ఎగిరి పడకండి. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, ఇండికేటర్ వేసి ఎడమ పక్కకు తీసుకోండి. దిగాక మొదట చూడాల్సింది వీల్ నట్లు. ఈ మధ్య ఎవరైనా చక్రాలు విప్పి ఉంటే మరీ ముఖ్యం. వదులైన నట్లతో వచ్చే వణుకు చక్రం ఊడిపోయేదాకా వెళుతుంది. జాతీయ రహదారి మీద ఇరుక్కుంటే ఆ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయండి.

నట్లు ఎప్పుడు బిగించినా ఒకదాని పక్కది ఒకటి కాకుండా ఎదురెదురుగా బిగించాలి, మాన్యువల్‌లో రాసిన టార్క్ (బిగింపు బలం) ప్రకారం. ఎయిర్ గన్‌తో టర్రుమని బిగించేసి వదిలేస్తే డిస్కు వంకరపోవచ్చు. 50, 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోండి.

టైర్లు కొత్తవే, అయినా వణుకుతోంది. వారంటీ వస్తుందా?

టైరు గుండ్రం తప్పినా, పొర విడిపోయినా తయారీ లోపం కింద అడగొచ్చు. కొత్త కారుతో వచ్చిన టైర్లకు కూడా మామూలుగా వారంటీ ఇచ్చేది టైరు కంపెనీయే, కారు కంపెనీ కాదు. ఎంత అరిగిందో లెక్కగట్టి మిగతా విలువే ఇస్తారు. గుంతలో పడి ఉబ్బినదానికి మామూలుగా రాదు. బిల్లు దాచుకోండి, చెక్ చేసిన కాగితం రాతపూర్వకంగా అడగండి.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నాను. టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలి?

కాలనీలో రెండు చుట్లు తిప్పి ఇచ్చేస్తే ఏమీ తెలియదు. 100 దాకా వెళ్లగలిగే రోడ్డు అడగండి, 70 నుంచి మెల్లగా పెంచుతూ ప్రతి పదికీ కాస్త నిలపండి. తర్వాత 100 నుంచి 40కి ఒకే ఒత్తిడితో బ్రేక్ వేయండి. అమ్మేవాళ్లు "బ్యాలెన్సింగ్ చేయిస్తే పోతుంది" అంటారు. చాలాసార్లు నిజమే. నిజమైతే వాళ్లనే చేయించి తెమ్మనండి, అదే రోడ్డు మీద మళ్లీ నడిపి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.